నాగలి ముట్టని తిండి

అన్నం మానెయ్యమన్నాడు డాక్టరు. మానేస్తానన్నాను. ఎందుకని అడగలేదు. నా వయసులో అడిగి తెలుసుకునేదేమీ ఉండదు.

తిరువూరు బస్టాండు దగ్గర కొత్తగా ఒక దుకాణం పెట్టారు. గాజు తలుపులు, లోపల చల్లగా ఉంటుంది. అక్కడ కూర్చున్న అమ్మాయి నన్ను చూడగానే లేచి, "సుగరా మామ్మగారూ? అయితే ఊదలు తీసుకెళ్లండి. ఇప్పుడందరూ అవే తింటున్నారు" అని ఒక పొట్లం చేతిలో పెట్టింది. పొట్లం మీద కొండలు, ఉదయిస్తున్న సూర్యుడు, పచ్చని చేను. లోపల సన్నగా తెల్లగా గింజలు.

"ఎలా వండాలో చెప్పమంటారా? ముందు నానబెట్టాలండి."

"తెలుసమ్మా."

"ఎలా తెలుసండీ? ఇవి కొత్తగా వచ్చాయి కదా!"

పొట్లం సంచీలో వేసుకుని, నా అద్దె వాటాకి నడిచి వచ్చాను. వచ్చాక చాలాసేపు ఆ గింజల్ని పళ్లెంలో పోసుకుని కూర్చున్నాను. ఏడుపేమీ రాలేదు. సంతోషమూ కలగలేదు. పళ్లెంలో గింజలు ఉన్నాయి, ఎదురుగా నేను ఉన్నాను, అంతే. కానీ ఒక ఏడాది వర్షాకాలం మొదటినించీ చివరిదాకా వరసగా గుర్తొచ్చింది. దాన్ని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మా ఊరు తిరువూరుకి ఆరేడు మైళ్లు, గంపలగూడెం వెళ్లే వైపు. మా ఇంటిపేరు చెబితే లేచి నిలబడేవాళ్లు ఇప్పటికీ ఆ పక్క కొంతమంది ఉన్నారు. వాళ్లూ ఏడాదికి ఒకరిద్దరు చొప్పున తగ్గిపోతున్నారు. అమ్మా నాన్నా నాకు ఊహ తెలియకముందే పోయారు. ఇంట్లో మేం ముగ్గురమే: తాతయ్య, నాయనమ్మ, నేను. నాకప్పుడు తొమ్మిదేళ్లుంటాయి.

తాతయ్యకీ ఆయన తమ్ముడికీ పొలం దగ్గర దావా పడింది. తీర్పు వచ్చేదాకా రెండు వైపులవాళ్లూ ఆ భూమిలో నాగలి దింపకూడదని కోర్టువారి ఉత్తర్వు. చిన్నతాతయ్యకి వేరే వ్యాపారం ఉంది కాబట్టి ఆయనకి ఇబ్బంది లేదు. మాకు ఆ పొలం తప్ప ఇంకేమీ లేదు. చుట్టూ అందరి చేలూ నాట్లు పడి పచ్చబడుతుంటే మా భూమి మాత్రం ఊరి నడుమ నోరుమూసుకుని పడి ఉండేది.

గాదెలో వడ్లు శ్రావణమాసం దాకా వచ్చాయి. ఒకరోజు మధ్యాహ్నం నాయనమ్మ గాదెలోకి దిగి చీపురుతో ఊడవడం విన్నాను. చీపురు నేలకి తగిలే చప్పుడు అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఆ చప్పుడుకి అర్థం అప్పుడు నాకు తెలియదు.

మా ఇంట్లో ఆడవాళ్లు వినాయక చవితి మర్నాడు ఋషిపంచమి పట్టేవాళ్లు. ఆ ఒక్కరోజూ నాగలి ముట్టిన నేలలో పండింది ఏదీ తినకూడదు. దుంపలు, ఆకులు, కాయలు, దానంతట అది మొలిచిన గింజ, ఇవే తినాలి. మనిషి చెయ్యి లేకుండా దేవుడు స్వయంగా పెట్టిన తిండి అది అని నాయనమ్మ చెప్పేది. ఆ ఏడు పంచమినాడు చేమదుంపలు ఉడకబెట్టింది. మర్నాడు కందగడ్డ తవ్వింది. ఆ మర్నాడు నేను అన్నం ఏదని అడిగితే, "ఈ ఏడు పెద్ద వ్రతమే. ఉద్యాపన దాకా మనకి నాగలి ముట్టని తిండే" అంది.

"ఉద్యాపన ఎప్పుడే?"

"పైనున్న ఆయన చెప్పినప్పుడు."

నేను నమ్మాను. నమ్మడమే కాదు, గర్వపడ్డాను. ఊళ్లో ఇంకెవరింట్లోనూ లేనంత పెద్ద వ్రతం మా ఇంట్లో జరుగుతోంది.

రోజూ పొద్దున్నే గంప తీసుకుని ఇద్దరం మా పొలానికే వెళ్లేవాళ్లం. కోర్టు సంగతి తెలిసిన దారినపోయే రైతు ఎవరో గట్టు మీద ఆగి, "అమ్మగారూ, అందులో దిగొచ్చా?" అన్నాడు ఒకసారి. నాయనమ్మ నడుం నిటారుగా చేసి, "నాగలి దింపొద్దన్నారు బాబూ. కూర కొయ్యొద్దని ఎక్కడా రాయలేదు" అంది. ఆయన నవ్వుకుంటూ పోయాడు.

దున్నని భూమిలో ఏమేం మొలుస్తాయో ఆ ఏడే చూశాను. గలిజేరు, పొన్నగంటి, చెంచలి, తుమ్మి. గట్ల మీద కంపల్లో బోడకాకర. వరి లేని మళ్లల్లో నడుమెత్తు ఊద. ఊద గింజ దూసి, దంచి, జావ కాచేది నాయనమ్మ. తడిమట్టి వాసన, నలిగిన తుమ్మాకు ఘాటు, వాటితోబాటు పచ్చి ఊద దంచినప్పుడు వచ్చే పిండివాసన. ఇప్పుడు ఆ గాజు తలుపుల దుకాణంలో పొట్లాలకి ఏ వాసనా లేదు.

ఆకులు గిల్లుతూ గిల్లుతూ నాయనమ్మ ఆగిపోయేది. విష్ణుక్రాంత పువ్వు ఉంటుంది చూడండి, చిటికెన వేలి గోరంత, నీలంగా. దాని ముందు వంగి, "ఇంత పువ్వుకి ఇంత రంగెందుకయ్యా? గడ్డిలో ఎవడు చూస్తాడని?" అనేది దేవుడితో, పక్కింటి మనిషితో అన్నట్టు. తర్వాత చేతులు జోడించేది. బోడకాకర దొరికితే దణ్ణం. ఎండ కాస్తే దణ్ణం. మబ్బు పడితే దణ్ణం. "ఎవరూ విత్తలేదు, ఎవరూ నీళ్లు పెట్టలేదు. అయినా నా మనవరాలి కంచంలోకి వచ్చింది. నిన్ను ఏమని పొగడను తండ్రీ" అనేది. గుళ్లో పూజారి పొగిడేదానికీ దీనికీ పోలిక లేదు. ఇది చాలా మామూలుగా ఉండేది. అందుకే గుర్తుంది.

తాతయ్య వెండి కంచంలో ఊద జావ తాగేవాడు. కంచం ముందు కూర్చున్నప్పుడు కండువా మడత చెదిరేది కాదు.

"ఇవాళేంటి?"

"దేవుడిచ్చింది."

"దేవుడు ఉప్పు తక్కువిచ్చాడు."

ముగ్గురం నవ్వేవాళ్లం. ఆ ఇంట్లో మేం నవ్విన సందర్భాలు ఎక్కువ లేవు కాబట్టి ఇది రాస్తున్నాను.

ఆశ్వయుజం వచ్చింది. పక్క కొండ మీది సీతాఫలాలు పచ్చివే కోసుకొచ్చి బూడిదకుండలో దాచేదాన్ని. పండాక ఒక్కదాన్నే తిని, గింజలు తాతయ్య కోర్టు కాగితాల పెట్టె వెనక ఉమ్మేదాన్ని. ఆ పెట్టె జరిపినప్పుడు నల్లటి గింజలు రాశిగా బయటపడ్డాయి. "ఇవేం సాక్ష్యాలే?" అన్నాడు తాతయ్య. కొట్టలేదు.

ఇక చిన్నమామ్మ సంగతి. చిన్నతాతయ్య భార్యని అలా పిలిచేదాన్ని. మా వీధిలోనే నాలుగిళ్ల అవతల ఉండేది. దావా పడ్డాక రాకపోకలు లేవు. కానీ నేను బడికి వెళ్లే దారిలో ఆవిడ అరుగు ఉంది.

"ఏమేవ్, ఇలా రా" అని పిలిచింది ఒకరోజు. చేతిలో నేతి అరిసె. ఆ నేతివాసన నా ముక్కులోకి వచ్చింది. "మీ పెరట్లో గంజి వార్చిన వాసనే రావట్లేదేంటే? మీ నాయనమ్మ పొయ్యికి కూడా స్టే ఇచ్చారా కోర్టువారు?"

అరుగు మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"మా నాయనమ్మ వ్రతంలో ఉంది. నాగలి ముట్టింది మేం తినం" అన్నాను. అరిసె వైపు చూడలేదు.

"ఎన్నాళ్లేంటి ఆ వ్రతం?"

"ఉద్యాపన దాకా."

"ఓహో, ఉద్యాపన కూడానా! ఎప్పుడూ?"

"కార్తీక పౌర్ణమికి. ఏడుగురు ఋషుల పేరు మీద ఏడుగురికి భోజనం. మీరూ రావాలి. పిలవమంది నాయనమ్మ."

నాయనమ్మ అలాంటి మాటేమీ అనలేదు. అది నా నోట్లో అప్పటికప్పుడు పుట్టింది. చిన్నమామ్మ ముఖంలో నవ్వు కాసేపు అలాగే ఉండి, తర్వాత పోయింది. "వస్తాననే చెప్పు. ఏం పెడుతుందో నేనూ చూస్తాను" అంది.

ఇంటికెళ్లి చెప్పాను. నాయనమ్మ చాటలో ఆకు బాగుచేస్తోంది. చెయ్యి ఆగింది.

"ఏడుగురినీ పిలిచావా?"

"ఆవిణ్ణొక్కదాన్నే."

"అయితే మిగతా ఆరుగుర్నీ పిలవాలి" అంది. చాట పక్కన పెట్టి, "ఏడుగురికి ఊద జావ పొయ్యలేం గదే. విస్తట్లోకి అన్నంలాంటిది ఉండాలి. లేకపోతే ఆవిడకి తెలిసిపోతుంది" అంది.

తెలిసిపోయేది ఏమిటో అప్పుడు నాకు అర్థమైంది. చీపురు చప్పుడు కూడా అప్పుడే అర్థమైంది. మాది వ్రతం కాదు. మా ఇంట్లో బియ్యం లేవు.

అడిగితే ఎవరైనా ఇచ్చేవాళ్లే. మేం అడగం. అది అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

మా పొలంలో నాట్లు వేసే ముఠాకి ఒకామె పెద్ద. అందరూ మేస్త్రమ్మ అనేవాళ్లు. ఎండకి నల్లబడిన మనిషి, పెద్ద గొంతు. మా భూమి బీడు పడ్డాక ఆమె ముఠాకీ పని తగ్గింది. అయినా రెండ్రోజులకోసారి మా పెరటి గుమ్మంలో నిలబడి, "అమ్మగారా, ఏదైనా పనుందా?" అని అడిగి పోయేది. ఆరోజు నాయనమ్మ మొహం చూసి, "ఏంటమ్మగారా, ఒంట్లో బాలేదా?" అంది.

"నాగలి ముట్టని గింజ, అన్నంలా ఉడికేది, ఏదైనా ఉంటుందా?"

మేస్త్రమ్మ కాలి బొటనవేలితో నేల గీసింది. "ఉందమ్మగారా. నివ్వరి, నీళ్లల్లో దానంతటదే మొలిచే వరి. కొండకింద కుంటలో. మీరు దిగలేరు, నీళ్లు చల్లగా ఉంటాయి."

"దిగుతాను."

కార్తీకం రెండో వారంలో తెల్లవారుజామునే వెళ్లాం. ఎండ ఎక్కితే గింజ రాలిపోతుంది, అందుకని పొద్దు పొడవకముందే కొయ్యాలి. కుంట మీద పొగలా మంచు. నడుములోతు నీళ్లల్లో వరిలాంటి దుబ్బులు, కంకులకి పొడుగాటి ఎర్రని ముళ్లు. గాలికి అవన్నీ ఒకేసారి వంగి లేచాయి. కొంగలు గట్టు మీంచి లేచి అవతలి గట్టున దిగాయి. నాయనమ్మ నీళ్లల్లోకి దిగి, అలాగే నిలబడిపోయింది. "ఇది ఎవరు నాటారు తండ్రీ" అంది, అంతకంటే ఏమీ అనలేకపోయింది.

మేస్త్రమ్మ చూపించింది, దుబ్బుని గంప మీదికి వంచి కర్రతో తట్టాలి. పండిన గింజ జలజలా రాలుతుంది. పచ్చిది ఉండిపోతుంది. "ఈ పక్కది మీరు కోసుకోండమ్మగారా. ఆ పక్కది మా వాళ్లది. కలుపులైపోయి కోతలు మొదలవకముందు ఈ నెల మాకు ఇదే. ఆ నడుమ దుబ్బుల పాయ ఉంది చూశారా, దాన్ని ఎవరూ ముట్టరు. అది వచ్చే ఏటికి. ఆ గింజ రాలితేనే కుంటంతా మళ్లీ మొలుస్తుంది."

"ముట్టం" అంది నాయనమ్మ.

మూడు పొద్దులు కోశాం. నా కాళ్లు మోకాళ్ల కింద ఉన్నాయో లేవో తెలిసేది కాదు. జలగ పట్టినా నొప్పి ఉండేది కాదు, రక్తం చూస్తేనే తెలిసేది. ఆ మొద్దుబారడం నాకు హాయిగా ఉండేది. ఇప్పటికీ నా మనసులో అలాంటి మొద్దుబారడమే ఎక్కువ.

ఎండబెట్టి, ముళ్లు పోయేలా నులిమి చూస్తే మూరెడు చాప కూడా నిండలేదు. దంచితే నలుగురికి వస్తుంది, ఐదోవాళ్లకి సందేహం. పౌర్ణమి ఇంకా నాలుగు రోజులుంది. ఆరుగురికీ పిలుపులు వెళ్లిపోయాయి. నాయనమ్మ ఆ రాశి ముందు కూర్చుని, "పిలిచాక తప్పదు. దేవుడు ఎంతిస్తే అంతే వడ్డిస్తాను. చివరి విస్తట్లో లేకపోతే లేదని చెబుతాను" అంది.

లేదని చెబుతుందట. చిన్నమామ్మతో. ఏడుగురి ముందు.

మర్నాడు నాయనమ్మ స్నానానికి లేవకముందే గంపా కొడవలీ తీసుకుని కుంటకి పోయాను. ఒక్కదాన్నే. నడుమ పాయలోకి దిగాను. తట్టితే పండినవే కొన్ని రాలాయి. చాలవు. అందుకని కంకులు కోశాను. కోత రాకపోతే దుబ్బులు పట్టి పీకాను. వేళ్లతో సహా వచ్చేవి, కంకి తెంపి దుబ్బు నీళ్లల్లో వదిలేసేదాన్ని. పచ్చివీ పండినవీ అన్నీ గంపలో వేశాను. పొద్దు పైకొచ్చేసరికి పాయ లేదు. పీకిన దుబ్బులు తేలుతున్నాయి. అందంగా కూడా ఉన్నాయి, ఎండ పడి.

"మన వైపే గట్టు కింద ఇంకా ఉంది నాయనమ్మా. మనం చూడలేదు" అని చెప్పాను.

నాయనమ్మ గంపలో చెయ్యి పెట్టి పిడికిలి తీసింది. కళ్లల్లో నీళ్లు. "మనం చూడకపోయినా ఆయన చూశాడే. అడక్కుండానే ఇచ్చాడు" అని తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టింది. ఆవిడ అంత మనసారా దేవుణ్ణి పొగడడం నేను మళ్లీ చూడలేదు. నేను పక్కనే నిలబడి విన్నాను.

దంచడానికి మేస్త్రమ్మని పిలిచారు. రోట్లో పొయ్యబోతూ గింజలు వేళ్లతో కెలికింది. ఒక పచ్చిగింజ తీసి పంటికింద పెట్టి కొరికింది. నా మోచేతుల మీద గీతలు చూసింది. నేను ఆమె వైపే చూస్తున్నాను, చెబుతుందేమోనని. ఆమె రోకలెత్తి, "చిన్నమ్మగారా, అవతలికి పోండి, పొట్టు కళ్లల్లో పడుద్ది" అంది. పొద్దున్నించీ మధ్యాహ్నందాకా ఇంకో మాట లేకుండా దంచింది. రెండు సోలలు ఆమె కొంగులో పొయ్యబోయింది నాయనమ్మ. "వద్దమ్మగారా, విస్తళ్లకి తక్కువవుతాయి" అని వెళ్లిపోయింది.

పౌర్ణమినాడు ఏడుగురూ వచ్చారు. అరిటాకుల్లో ఎర్రటి నివ్వరి అన్నం, పొన్నగంటి కూర, బోడకాకర వేపుడు, ఉసిరికాయ పచ్చడి, సీతాఫలం. అన్నం ఆవిరికి ఇల్లంతా తేనెలాంటి వాసన. చిన్నమామ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. ఆకు వైపు చూసింది, నాయనమ్మ వైపు చూసింది. మారు వడ్డించమంది. నాయనమ్మ వడ్డించింది. ఇంకోసారి అడిగింది. ఇంకోసారి వడ్డించింది. అప్పుడు ఆకు మడిచి లేచి, "అక్కయ్యా, ఇట్లాంటి అన్నం నేనెక్కడా తినలేదు. నీ వ్రతం ఫలించింది" అని నాయనమ్మ కాళ్లకి దణ్ణం పెట్టింది. ఎగతాళి లేదు అందులో.

తాతయ్య పక్కగదిలో కూర్చుని అంతా విన్నాడు. ఆ సాయంత్రం నడిబజారులో చివరిదాకా నడిచి వచ్చాడు, చాలా నెలల తర్వాత. మేం గెలిచాం.

ఆ మాఘంలో తీర్పు వచ్చింది. పొలం చిన్నతాతయ్యకి పోయింది. ఇల్లు మాకు మిగిలింది. దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

మరుసటి కార్తీకంలో, నైవేద్యానికి ఒక పిడికెడు నివ్వరి కావాలని నాయనమ్మ నన్ను తీసుకుని కుంటకి బయల్దేరింది. చేతిలో చిన్న ఇత్తడి గిన్నె. అప్పటికే గట్టు మీద మేస్త్రమ్మ, ఆమె ముఠాలోవాళ్లు ఆరేడుగురు ఆడవాళ్లు ఉన్నారు. అందరి చంకల్లో గంపలు. ఎవరూ నీళ్లల్లోకి దిగలేదు. కుంటనిండా తుంగ. అక్కడక్కడ, వేళ్లమీద లెక్కపెట్టేటన్ని నివ్వరి దుబ్బులు.

"ఏమైందే?" అంది నాయనమ్మ.

ముఠాలో ఒకామె, "అదే తెలవట్లేదమ్మా. మా అమ్మ కాలం నించీ ఎప్పుడూ ఇట్టా లేదు. ఈ నెల పిల్లలకేం పెట్టాలో" అంది.

మేస్త్రమ్మ నా వైపు చూసింది. ఒక్కసారే చూసింది. తర్వాత నీళ్ల వైపు తిరిగి, "దేవుడు ఈ ఏడు ఇయ్యలేదమ్మగారా" అంది.

నాయనమ్మ గిన్నె గట్టు మీద పెట్టింది. "ఇచ్చిన ఏడు దణ్ణం పెట్టాం. ఇవ్వని ఏడూ పెట్టాలి" అని చేతులు జోడించింది. గంపలు దించి ఆ ఆడవాళ్లందరూ చేతులు జోడించారు. మేస్త్రమ్మ కూడా. నేనూ జోడించాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. అందరి ముందూ చెప్పాల్సి వచ్చేది. నేను వెన్ను వంచలేదు.

ఆ వారమే ముఠా అంతా కూలిపనులకని ఖమ్మం వైపు వెళ్లిపోయింది, పిల్లల్ని చంకనేసుకుని. తర్వాత కొందరు తిరిగొచ్చారు. మేస్త్రమ్మ రాలేదు. నాయనమ్మ పోయింది, పోయేదాకా ఆ ఏటి నివ్వరి అన్నం సంగతి చెప్పి దేవుణ్ణి పొగుడుతూనే ఉంది. నేను వింటూనే ఉన్నాను. కుంట పూడిపోయి ఇప్పుడు పత్తిచేను అయింది.

నాకు పూజలు పెద్దగా రావు. పొద్దున లేచి కిటికీలోంచి ఎండ చూసి దణ్ణం పెట్టుకుంటాను. నాయనమ్మలా మాటలు పేర్చడం చేతకాదు. ఒక్కటే చెప్పుకుంటాను, రోజూ, పైకి వినిపించేలా. ఆ ఏడు నువ్వు ఇవ్వలేదని మేస్త్రమ్మ చెప్పింది నిజం కాదు. నువ్వు ఇచ్చావు. మాకిచ్చావు, వాళ్లకిచ్చావు, వచ్చే ఏటికి కూడా నడుమ పాయలో ఉంచావు. నిండుగా ఇచ్చావు. పీకింది నేను.